వణుకు జబ్బు ఉన్నవారికి మల మూత్ర ఇబ్బందులు: మా సంఘం నేర్చుకున్న సంగతులు

(మైలవరం మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ మా వంతు వచ్చినప్పుడు పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చదివి కూర్చునేవాళ్లం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి వేరే సంగతి మాట్లాడతామని అడిగి మరీ వచ్చాం. ఒంటికి, రెంటికి పోయే సంగతి. నవ్వేవాళ్లు ఉంటే ఇప్పుడే నవ్వేయండి, పర్వాలేదు. మేమూ మొదట్లో నవ్వాం. తర్వాత ఏడ్చాం.

మా సంఘంలో ఒక పెద్దామె ఉన్నారు. వరసకు మాలో చాలామందికి పెద్దమ్మ. ఆమె పేరు చెప్పొద్దన్నారు, సంగతి మాత్రం చెప్పమన్నారు. రోజుకో రూపాయి పొదుపు చేసే కాలం నుంచి ఉన్న సభ్యురాలు. మామిడి కోతలప్పుడు ఆమె పక్కన కూర్చుని కాయ ఏరాలంటే మాకు భయం. మేము ఒక బుట్ట తేల్చేలోపు ఆమె రెండు తేల్చేవారు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, ఏది చేతికి తగిలినా దెబ్బ తిన్న కాయ చూడకుండానే పక్కన పడేవారు. అలాంటి చేయి ఒక ఏడాది నెమ్మదించింది. తర్వాత కూర్చున్నప్పుడు ఊరికే వణకడం మొదలైంది. విజయవాడలో నరాల డాక్టరుకు చూపిస్తే పార్కిన్సన్స్ జబ్బు అన్నారు. మాత్రలు ఇచ్చారు. వణుకు కాస్త తగ్గింది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

ఆ తర్వాత పెద్దమ్మ మీటింగులకు రావడం మానేశారు. ఒక మీటింగు, రెండు, మూడు. పొదుపు డబ్బులు కోడలి చేత పంపేవారు గానీ మనిషి రారు. మన నియమం అందరికీ తెలిసిందే, చెప్పకుండా రాకపోతే జరిమానా. మీటింగుకు 10 రూపాయల చొప్పున 30 రూపాయలు తీర్మానాల పుస్తకంలో రాశాం. రాసింది మా చేతులే. ఎందుకు రాలేదో కనుక్కుందాం అని ఒక్కరికీ తోచలేదు. వీధికి ఈ పక్క మేము, ఆ పక్క ఆమె.

ఒకరోజు తెల్లవారుజామున వాళ్ల దొడ్లో కేక వినిపించింది. పెద్దమ్మ లెట్రిన్‌కు వెళ్తూ చీకట్లో పడిపోయారు. మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉందన్నారు. పొట్ట నొక్కి చూసి, రెంటికి వెళ్లి ఎన్ని రోజులయింది అని అడిగారు. పెద్దమ్మ మాట్లాడలేదు. కోడలు వేళ్లు లెక్కపెట్టి ఆరు అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఒంటికి వస్తోందంటే ఆమెకు ఆగదు. లేచి నాలుగు అడుగులు వేసేలోపు చీర తడిసిపోతుంది. సంఘంలో అందరి మధ్య జంఖానా మీద కూర్చున్నప్పుడు అలా అయితే ఎలా అని మీటింగులు మానేశారు. రాత్రి పక్క తడుస్తోందని నీళ్లు తాగడం తగ్గించేశారు. కోడలు కూడా, పాపం, పొద్దున్నే దుప్పట్లు ఉతికి కోతలకు పరిగెత్తాలి కదా, సాయంత్రం నీళ్ల చెంబు మంచం దగ్గర నుంచి తీసేసేది. ఆ పిల్లను ఎవరూ తప్పు పట్టకండి. ఆమెకు చెప్పినవాళ్లు లేరు. మాకూ లేరు.

మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదొక్కటే. తడుస్తోందని నీళ్లు మానిపించకండి. నీళ్లు మానేయడంతోనే ఈ కష్టాలన్నీ రెట్టింపయ్యాయి. ఎలాగో మాకు డాక్టరుగారు, నర్సమ్మ చెప్పినట్టే మీకు చెబుతాం.

పార్కిన్సన్స్ అంటే చేతి వణుకే అనుకుంటాం. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి చిన్న పుస్తకం రాశారు. ఆయన పేరే జబ్బుకు వచ్చింది. పేగులు మందగించడం గురించి కూడా ఆయన అందులో రాశారు. అంటే రెండు వందల ఏళ్ల కిందటే తెలిసిన సంగతి ఇది. మెదడులో డోపమైన్ అనే పదార్థం తగ్గడం వల్ల కాళ్లూ చేతులూ నెమ్మదిస్తాయి. పేగులను నడిపే నరాలు కూడా అలాగే మందగిస్తాయి. కొందరికి వణుకు కనిపించడానికి ఎన్నో ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవుతుంది. పెద్దమ్మను అడిగితే, అవును, చేయి వణకక ముందు నుంచే ఉంది, వయసు కదా అనుకున్నాను అన్నారు.

మూత్రాశయం కథ వేరు. మనకైతే అది బాగా నిండాక కబురు పంపుతుంది. ఈ జబ్బులో సగం నిండకుండానే, ఇప్పుడే, ఈ క్షణమే అని తొందర పెడుతుంది. లోపల తొందర, బయట కాళ్లు కదలవు. కదిలి వెళ్లినా వణికే వేళ్లకు లంగా ముడి ఊడదు. మనం చూసి, పెద్దావిడ చూసుకోకుండా చేసుకుంటోంది అనుకుంటాం. అది అశ్రద్ధ కాదు, జబ్బు.

ఇక నీళ్లు తగ్గిస్తే ఏమవుతుంది? మలం గట్టిపడుతుంది. పేగు నిండి పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాంతో ఇంకా ఎక్కువసార్లు ఒంటికి వస్తుంది. మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి అవుతుంది. కడుపు కదలకపోతే వేసుకున్న మాత్ర కూడా సరిగ్గా ఒంటబట్టదు. మాత్ర పని చేయకపోతే నడక ఇంకా నెమ్మదిస్తుంది. నడక నెమ్మదిస్తే లెట్రిన్ దాకా చేరలేరు. చూశారా, చక్కబెడదామని చేసిన పని ఎక్కడికి తెచ్చిందో.

ఆసుపత్రి నుంచి వచ్చాక మేము సంఘంగా కూర్చుని ఏం చేద్దామని మాట్లాడుకున్నాం. మాకు వైద్యం రాదు. పుస్తకం రాయడం వచ్చు. డాక్టరుగారు కూడా అదే అడిగారు, మూడు రోజులు లెక్క రాసుకుని రండి అని. రూళ్ల నోటు పుస్తకంలో గడులు గీశాం. ఏ టైముకు ఎన్ని గ్లాసుల నీళ్లు, టీ. ఏ టైముకు ఒంటికి వెళ్లారు. ఎప్పుడు తడిసింది. రెంటికి వెళ్లారా, గట్టిగానా మెత్తగానా. మాత్ర ఎన్ని గంటలకు వేశారు, అన్నం ఎన్నింటికి తిన్నారు. మనవరాలు ఎనిమిదో తరగతి, ఆ పిల్లే రాసింది. మూడు రోజుల లెక్క చూస్తే మాకే అర్థమైంది. రోజు మొత్తానికి తాగింది మూడు గ్లాసులు కూడా లేవు. టీ మాత్రం నాలుగుసార్లు. తడవడం ఎక్కువగా మాత్ర వేసుకునే టైముకు ముందు, కాళ్లు బిగుసుకుపోయినప్పుడు జరుగుతోంది. ఆ కాగితం చూసి డాక్టరుగారు మాత్రల టైములు మార్చారు. నోటితో చెబితే ఐదు నిమిషాల్లో సగం మరిచిపోయేవాళ్లం.

ఇక ఏమేం మార్చామో ఒక్కొక్కటిగా చెబుతాం.

మొదటిది నీళ్లు. పొద్దున లేచినప్పటి నుంచి సాయంత్రం ఆరు లోపు ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు. ఒక్కసారే కాకుండా గంటకో సగం గ్లాసు. ఆరు దాటాక కొంచెం తగ్గించవచ్చు, పూర్తిగా మానకూడదు. సాయంత్రం టీ, కాఫీ బంద్, అవి మూత్రాన్ని తొందర పెడతాయి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో వాళ్ల డాక్టరునే అడగాలి.

రెండోది తిండి. రాగి జావ, జొన్న రొట్టె, తోటకూర, గోంగూర, చిక్కుడు, జామపండు, అరటిపండు. మన దగ్గర ఎండాకాలం మామిడిపండుకు కొదవ లేదు. రసం పిండి తాగడం కన్నా పీచుతో తింటే మేలు. షుగరు ఉన్నవాళ్లు కొలత చూసుకోవాలి. ఇసబ్గోలు వాడితే నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి, లేకపోతే అదే లోపల గట్టిపడుతుంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు అది గొంతులో అడ్డం పడవచ్చు, డాక్టరును అడగకుండా పెట్టకండి. ఇంకో మాట. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చేది లెవోడోపా మాత్ర. పాలు, పప్పు, గుడ్డు లాంటి వాటితో కలిపి వేస్తే అది సరిగ్గా పని చేయకపోవచ్చు. మాకు తిండికి అరగంట ముందు నీళ్లతో వేయమన్నారు. అలాగని పప్పు, గుడ్డు మానిపించకూడదు, ఒంట్లో బలం పోతుంది. టైము ఎడం చూసుకుంటే చాలు.

మూడోది రెంటికి వెళ్లే అలవాటు. పొద్దున టిఫిను అయ్యాక అరగంటలోపు, వచ్చినా రాకపోయినా, రోజూ ఒకే టైముకు కూర్చోబెట్టాం. తిన్న తర్వాత పేగులు సహజంగా కదులుతాయట, ఆ అదును వాడుకోవాలి. ముక్కి ముక్కి కూర్చోకూడదు, పది నిమిషాలు చాలు. మన నేల లెట్రిన్‌లో కూర్చునే తీరు మంచిదే గానీ పెద్దమ్మ కూర్చుంటే లేవలేరు. అందుకని కుర్చీ మీద కూర్చోబెట్టి, కాళ్ల కింద పీట వేశాం. మోకాళ్లు నడుం కన్నా కొంచెం ఎత్తులో ఉంటే తేలికగా అవుతుంది. రోజూ పొద్దున, సాయంత్రం వీధి చివర దాకా నడక. నడిస్తే పేగులూ నడుస్తాయి. ఇవన్నీ చేసినా కాకపోతే డాక్టరు రాసిన సిరప్పో, పొడో వాడాలి. అది వాడడం తప్పు కాదు. ఇంట్లో ఉంది కదా అని ఆముదం పట్టించడం, షాపులో అడిగి విరేచనాల మాత్ర వేయడం మాత్రం వద్దు.

నాలుగోది ఒంటికి వెళ్లే టైము. వచ్చేదాకా ఆగకుండా రెండు గంటలకోసారి మనమే తీసుకెళ్లాలి. మొదట్లో పెద్దమ్మకు కోపం వచ్చేది, నాకు రాలేదే అమ్మాయ్ అనేవారు. వారం తర్వాత తడవడం సగానికి పైగా తగ్గేసరికి ఆమే గడియారం చూసుకుంటున్నారు. లంగా బొందు తీసేసి ఎలాస్టిక్ కుట్టించాం. ఇంట్లో ఉన్నప్పుడు నైటీ వేసుకుంటున్నారు. అరవై దాటాక నైటీ ఏంటని మొదట సిగ్గుపడ్డారు. అంత తొందర వచ్చినప్పుడు పరిగెత్తకుండా, కూర్చునే ఉండి, మూత్రం ఆపుకునే కండరాన్ని నాలుగైదుసార్లు బిగించి వదిలి, ఆ తొందర తగ్గాక లేవమని నర్సమ్మ నేర్పారు. ఈ కసరత్తు మనలో కాన్పులైన వాళ్లందరికీ పనికొస్తుంది. దగ్గితే చుక్కలు పడేవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో మేము చేతులెత్తమని అడగంలెండి.

ఐదోది రాత్రి. ఈ జబ్బులో పడుకుని ఒక్కసారి లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పెద్దమ్మ ఆ రోజు పడింది కూడా అలాగే. ఇప్పుడు లేవగానే మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవాలి, తర్వాతే నిలబడాలి. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా దారిలో గోనె పట్టాలు, చెప్పులు, బిందెలు ఏవీ లేకుండా తీసేశాం. రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. దొడ్లోకి అసలు వెళ్లక్కర్లేదు. పాత ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో గుండ్రంగా కోయించి, అంచులు గీసుకోకుండా గుడ్డ చుట్టి, కింద బకెట్ పెట్టాం. కాళ్లు కదలకుండా గోడకు ఆనించాం. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద నూలు దుప్పటి. కొనే డైపర్ల జోలికి మొదట వెళ్లలేదు. విజయవాడ ప్రయాణాలకు మాత్రం ఒకటి వేస్తాం.

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాటలు. మూత్రంలో మంట, రక్తం, చలిజ్వరం ఉంటే ఆగొద్దు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తుల దాకా పోకండి, మూత్రం పరీక్ష చేయించండి. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ అలా కూడా కనిపిస్తుంది. పొట్ట ఉబ్బి ఒంటికి అసలు రాకపోతే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు రోజులు దాటి రెంటికి కాక, కడుపునొప్పి, వాంతులు ఉన్నా అంతే. చాలా రోజులు బిగుసుకుని తర్వాత నీళ్లలా కారుతుంటే విరేచనాలు అనుకుని కట్టే మాత్ర వేస్తాం. అది పెద్ద పొరపాటు. లోపల గట్టి మలం అడ్డం ఉండి పక్క నుంచి పలచటిది కారుతుండవచ్చు. మగవాళ్లకైతే ప్రొస్టేట్ వాపు వల్ల కూడా ఇదే ఇబ్బంది వస్తుంది, షుగరు వల్లా వస్తుంది. అన్నీ పార్కిన్సన్స్ ఖాతాలో రాసేయకండి, పరీక్ష చేయించండి.

మందుల సంగతి. పార్కిన్సన్స్ మాత్ర మన ఇష్టానికి ఒక్కసారిగా ఆపకూడదు, ప్రమాదం. వణుకు తగ్గడానికి ఇచ్చే కొన్ని రకాల మాత్రల వల్ల కూడా మలబద్ధకం పెరుగుతుంది, మూత్రం బిగుసుకుంటుంది, పెద్దవాళ్లకు మతిమరుపు వస్తుంది. కాబట్టి వాడే మాత్రలన్నీ, రక్తం పట్టడానికి వేసే ఐరన్ మాత్రతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. ఊళ్లో వాంతులకు ఇంజెక్షన్ చేయించే ముందు ఈ జబ్బు ఉందని తప్పకుండా చెప్పండి. వాంతుల మందుల్లో కొన్ని ఈ జబ్బును పెంచుతాయి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, వాటిలో పార్కిన్సన్స్ జబ్బు కూడా ఉంది. సచివాలయంలో సదరం స్లాటు అడగండి. డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో సర్టిఫికెట్ ఇస్తారు. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే దేనికి అర్హత ఉందో అక్కడే కనుక్కోండి.

చూసుకునే మనిషి గురించి చెప్పకపోతే ఈ మాటలు సగమే అయినట్టు. పెద్దమ్మ కోడలు రెండు మామిడి సీజన్లు సరిగ్గా కూలికి పోలేదు. ఇద్దరి దుప్పట్లు ఉతికి, రాత్రి మూడుసార్లు లేచి, ఆ పిల్ల సగం అయిపోయింది. అందుకని మాలో పనికి వెళ్లని వాళ్లం వంతులు వేసుకున్నాం. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు ఎవరో ఒకరం వెళ్లి కూర్చుంటాం. ఒంటికి తీసుకెళ్లి, నీళ్లు తాగించి, లెక్క రాసి వస్తాం. అప్పు ఇవ్వడం ఒక్కటే సంఘం పని అనుకున్న మాకు ఇదీ సంఘం పనే అని అప్పుడు తెలిసింది.

ఇదంతా వణుకు జబ్బు ఉన్న ఇళ్లకే అనుకోకండి. తోటల్లో పనికి పోయినప్పుడు మనం ఏం చేస్తున్నాం? చాటు దొరకదని పొద్దున నుంచి నీళ్లు తాగం, సాయంత్రం దాకా ఆపుకుంటాం. పెద్దమ్మ కూడా నలభై ఏళ్లు అలాగే చేశారు. ఆమెకు జబ్బు అందువల్ల వచ్చిందని చెప్పడం లేదు. నీళ్లు మానేయడమే దారి అని మనకు చిన్నప్పుడే అలవాటైపోయింది, ముసలితనంలో కూడా అదే చేస్తున్నాం అంటున్నాం. ఈ ఏడాది కోతలకు ఒప్పుకునే ముందు చాటు ఎక్కడ, నీళ్లు ఎక్కడ అని మా సంఘం వాళ్లం అడిగాం. ఒకచోట పట్టా కట్టి ఇచ్చారు. మీరూ అడగండి.

మా సంఘం మూడు తీర్మానాలు చేసింది. ఎవరైనా వరుసగా రెండు మీటింగులకు రాకపోతే జరిమానా రాసే ముందు ఇద్దరం వాళ్ల ఇంటికి వెళ్లాలి. మీటింగు మధ్యలో ఎవరు లేచి వెళ్లినా ఎక్కడికి అని అడగకూడదు. గుమ్మం పక్కన రెండు కుర్చీలు వేసి ఉంచాలి. మిగతా సంఘాలు కూడా ఆలోచించమని కోరుతున్నాం.

పెద్దమ్మ ఇప్పుడు మీటింగులకు వస్తున్నారు. గుమ్మం పక్క కుర్చీ ఆమెది. జబ్బు తగ్గలేదు, అది తగ్గేది కాదని మాకు తెలుసు. ఇప్పటికీ అప్పుడప్పుడు తడుస్తుంది, చీర మార్చుకుని మళ్లీ వచ్చి కూర్చుంటారు. మొన్న ఆ 30 రూపాయలు కొట్టేసి వెనక్కి ఇస్తామన్నాం. ఒప్పుకోలేదు. "పుస్తకంలో రాసింది దిద్దకూడదు అమ్మాయ్, కావాలంటే కింద కారణం రాయండి" అన్నారు. రాశాం. "అనారోగ్యం. సభ్యులు కనుక్కోలేదు" అని రాసి అందరం సంతకాలు పెట్టాం.

 వెళ్లేటప్పుడు బయట నీళ్ల క్యాను ఉంది, తాగి వెళ్లండి. సెలవు.